జాతి మేకకు కాగితాలు: దాటిన రోజు నుంచి చేతులు మారే రోజు దాకా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో జీవాలు పెంచేవాళ్ళలో చాలామంది ఇప్పుడు మేకను తూకం లెక్కనే కాదు, జాతి పేరు మీద కూడా అమ్ముతున్నారు. తలచేరి, సేలం నలుపు, ఉస్మానాబాది, సిరోహి, జమునాపారి, బీటల్, బోయర్ క్రాస్, ఇలా ఏ పేరు చెప్పినా కొనేవాడు అడిగేవి రెండే ప్రశ్నలు. ‘ఒరిజినలేనా?’ అన్నది మొదటిది. దానికి అందరూ అవుననే అంటారు. ‘కాగితాలున్నాయా?’ అన్న రెండోదానికి వచ్చేసరికి నీళ్ళు నములుతారు.

ఆ రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగేలా ఫైలు ఎలా తయారు చేసుకోవాలో మొదటి నుంచీ చూద్దాం. పది మేకల కొట్టానికైనా, వంద మేకల ఫారానికైనా పద్ధతి ఒకటే.

ముందు ఒక అపోహ తీసేద్దాం

‘కర్నాల్‌లో రిజిస్టర్ అయిన మేక’ అని ఎవరైనా అమ్మజూపితే కాస్త ఆగండి. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసేది జాతులను. జమునాపారి అనే జాతికి అక్కడ నమోదు ఉంది, మలబారీకి ఉంది, సేలం నలుపుకూ ఉంది. మీ కొట్టంలోని ఫలానా మేకకు ఆ నమోదుతో సంబంధం లేదు. మన దగ్గర తలచేరి అని పిలిచేది ఆ జాబితాలో మలబారీ పేరుతో ఉంటుంది. అందుకే ఫైల్లో రెండు పేర్లూ రాసి పెట్టండి, లేకపోతే బ్యాంకులోనో, బీమా దగ్గరో ‘ఇవి రెండు వేరు జాతులు కదా’ అనే పేచీ వస్తుంది.

విదేశాల్లో పద్ధతి వేరు. బ్రిటన్‌లో 1879 నుంచి, అమెరికాలో 1904 నుంచి మేకల సంఘాలు ఉన్నాయి. పెంపకందారు ఫారం నింపుతాడు. పోతు వేరేవాళ్ళదైతే ఫలానా రోజు అది మేకను దాటిందని (జత కట్టిందని) దాని యజమాని సంతకం చేసి ఇస్తాడు. పిల్ల చెవిలో పచ్చబొట్టు నంబరు వేస్తారు. అప్పుడు సంఘం సర్టిఫికెట్ పంపుతుంది. అంత పెద్ద వ్యవస్థలోనూ మూలం పెంపకందారు చేతిరాతే. (బ్రిటన్ వాళ్ళ ఆంగ్లో నూబియన్ జాతి రక్తంలో మన జమునాపారి ఉంది. కాగితాలు మాత్రం వాళ్ళే ముందు రాసుకున్నారు.)

మన దగ్గర ఒక్క ఆఫీసు, ఒక్క స్టాంపుతో ఈ పని తేలదు. చెవి పోగు నమోదు, దాటుడు పుస్తకం, ఈతల పుస్తకం (ఏ మేక ఎప్పుడు ఈనిందో రాసేది), వంశ పత్రం, ఆరోగ్య రికార్డు, అమ్మకపు రసీదు అన్నీ ఒకదాన్నొకటి బలపరిస్తేనే అది జాతి మేక ఫైలు అవుతుంది. వీటిలో ప్రభుత్వం చేతిలో ఉన్నది కొంతే. తండ్రి ఎవరన్నది మీరు ఆ రోజే రాసుకోకపోతే తర్వాత ఏ డాక్టరూ మీ కోసం రాసి ఇవ్వలేడు.

మొదటి మెట్టు: మొదటి తరం మేకలకు ఒక్కో పేజీ

ఇప్పుడు మీ దగ్గరున్న ప్రతి పెద్ద మేకకూ, పోతుకూ ఒక పేజీ కేటాయించండి. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, అమ్మినవాళ్ళు ఏం చెప్పారు, చెప్పినదానికి కాగితం ఏముంది అన్నవన్నీ రాయండి. తెలియని గడిలో ‘తెలియదు’ అనే రాయండి. తల్లి తెలియదని రాసి ఉన్న పుస్తకాన్ని తెలిసినవాడు నమ్ముతాడు. అన్ని గళ్ళూ నిండుగా, ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టున్న పుస్తకాన్ని మాత్రం ఎవరూ నమ్మరు.

వయసుకు పుట్టిన తేదీ లేకపోతే పళ్ళే ఆధారం. పాలపళ్ళు ఊడి మొదటి జత వచ్చేసరికి సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఉంటుంది. నాలుగు పళ్ళంటే రెండేళ్ళ పైమాట, ఆరు పళ్ళంటే రెండున్నర నుంచి మూడేళ్ళు, నోరు నిండితే మూడున్నర దాటినట్టు. మేత, జాతిని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ‘4 పళ్ళు, ఫలానా తేదీన చూసినది’ అని రాయడమే మంచిది. పుట్టిన తేదీని ఊహించి వేయకండి.

జాతి లక్షణాలు కూడా ఈ పేజీలోనే రాయండి. జమునాపారి అయితే వంపు తిరిగిన ముక్కు, వేలాడే పొడవాటి చెవులు, వెనక తొడల మీద గుబురు వెంట్రుకలు ఉంటాయి. బర్బరీ అయితే చిన్న ఒళ్ళు, నిక్కబొడుచుకున్న పొట్టి చెవులు, తెల్లటి ఒంటి మీద గోధుమ మచ్చలు. ఇవి కనిపించకపోతే జాతి గడిలో ‘క్రాస్’ అనో ‘నాటు’ అనో రాయండి. నాటు మేక అని రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. రేపు పోతు ద్వారా జాతి పెంచుకుంటూ పోయినప్పుడు లెక్క మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

కొమ్ముల గడి మాత్రం మర్చిపోవద్దు. పుట్టుకతో కొమ్ములున్నాయా, బోడా అన్నది రాయాలి. బోడి పోతును బోడి మేకకు దాటిస్తే పుట్టే పిల్లల్లో కొన్ని ఆడా మగా కాకుండా, ఈనడానికి పనికిరానివిగా పుట్టే ప్రమాదం ఉంది. సానెన్ అనే విదేశీ పాల జాతి రక్తం కలిసిన మేకల్లో దీన్ని గట్టిగా చూసుకోవాలి. కొమ్ములు కాల్చిన మేక అయితే ‘కాల్చినవి’ అని రాయాలి, లేకపోతే కొనేవాడు బోడి అనుకుంటాడు.

చివరగా ఫొటోలు. కుడి పక్క, ఎడమ పక్క, ముఖం, చెవి పోగు నంబరు కనబడేలా దగ్గరగా ఒకటి చాలు. పోతు అయితే వెనక నుంచి ఒకటి అదనం, రెండు వృషణాలూ సమంగా దిగి ఉన్నాయని తెలియాలి.

రెండో మెట్టు: చెవి పోగు

ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో పశు సంవర్ధక సహాయకుడినో, మండల పశువైద్యశాలనో అడిగితే 12 అంకెల పసుపు పోగు వేసి భారత్ పశుధన్‌లో (జీవాల వివరాలు ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో) ఎక్కిస్తారు. మన ఆధార్‌లాగే ఆ 12 అంకెలు దేశంలో ఇంకో జీవానికి ఉండవు. ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి నాలుగు విషయాలు సరిచూసుకోండి: యజమాని పేరు, మొబైల్ నంబరు, జాతి, ఆడా మగా. తొందరలో అన్నీ ఒకే జాతి కింద పడిపోవడం మామూలే. మొబైల్ నంబరు ఎప్పుడూ వాడేదే ఇవ్వండి. ఊళ్ళో లేని కొడుకు నంబరు ఇస్తే రేపు మేక అమ్మేటప్పుడు యజమాని మార్పు దగ్గర అదొక టెన్షన్.

పోగు చెవి మధ్యలో, నరాలు తప్పించి వేయించాలి. ఇక్కడి తుమ్మ, రేగు కంపల్లో మేసే మేకలకు పోగు పట్టుకుని చెవి చిరగడం మామూలు విషయం, జమునాపారి లాంటి పొడుగు చెవులకు మరీను. అందుకే వానల్లో, ఈగలు ముసిరే కాలంలో కొత్తగా పోగు వేయించకపోతే మేలు. వేయిస్తే పుండు మానేదాకా మందు రాస్తూ ఉండాలి.

పోగు ఊడిపోతే కొత్తది వేయించి పాత పేజీలోనే ‘పాత నంబరు ఇది, ఊడిన తేదీ ఇది, కొత్త నంబరు ఇది’ అని రాయండి. కొత్త పేజీ తెరవకండి. వంశ పత్రాల్లో తల్లి తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఈ భయానికే కొందరు చెవి లోపల పచ్చబొట్టు కూడా వేయిస్తారు. సేలం నలుపు, ఉస్మానాబాది లాంటి నల్ల మేకలకు నల్ల సిరా కనపడదు, ఆకుపచ్చ సిరా వాడాలి. చీకటి గదిలో చెవి వెనక నుంచి టార్చి వేస్తే చదవచ్చు.

మూడో మెట్టు: దాటుడు పుస్తకం

మొత్తం ఫైలుకు ప్రాణం ఇదే, మిగతావన్నీ దీని మీద ఆధారపడినవే.

మీ ఫారానికి సొంత నంబర్ల పద్ధతి ఒకటి పెట్టుకోండి. జాతికి ఒక అక్షరం, పుట్టిన ఏడాది, వరస నంబరు ఉంటే చాలు. తలచేరి మేక 2022లో పుట్టిన తొమ్మిదో పిల్ల అయితే త-22-09. 12 అంకెలు ప్రతిసారీ రాయలేం, ఈ పొట్టి నంబరైతే ఎవరైనా రాయగలరు. మొదటి పేజీలో పొట్టి నంబరుకు ఎదురుగా 12 అంకెలూ రాసి ఉంచాలి.

ఒక నమూనా నమోదు ఇలా ఉంటుంది:

15-1-2025, ఉదయం. మేక త-22-09, ఎదకొచ్చింది. పోతు త-21-01 దాటింది. 16 ఉదయం మళ్ళీ అదే పోతు. 5-2-2025 నాటికి ఎదకు తిరిగి రాలేదు. ఈనే తేదీ అంచనా 14-6-2025.

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. మేక సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. కనుమ నాడు దాటిన మేక ఫిబ్రవరి 5కి మళ్ళీ ఎదకు రాలేదంటే చూడి కట్టినట్టు లెక్క. చూడి కాలం సుమారు 150 రోజులు, అటూ ఇటూ ఐదు రోజులు. అంటే జూన్ 9కీ 19కీ మధ్య ఈనాలి. జూలై మొదటి వారంలో ఈనిందనుకోండి, అవి కనుమ నాటి దాటుడుకు పుట్టిన పిల్లలు కావు. మధ్యలో ఇంకేదో జరిగింది. పుస్తకం ఉంటే ఈ సంగతి దానంతటదే బయటపడుతుంది.

ఆ ‘ఇంకేదో’ ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, మేపుకొచ్చే గుట్టల మీద. అక్కడ పక్క ఊరి మంద కలుస్తుంది, వాళ్ళ పోతు మీ మేకను దాటుతుంది, కాపరి చెప్పడు, లేదా చూసి ఉండడు. రెండోది, మీ కొట్టంలోనే. మగ పిల్లలను చిన్నవే కదా అని తల్లులతోనే ఉంచుతారు. నాలుగు నెలలకే కొన్ని పోతుపిల్లలు పనిలోకి వచ్చేస్తాయి. అందుకని మూడు నెలలు నిండగానే మగ పిల్లలను వేరు చేయాలి. జాతి పుస్తకం రాయాలనుకునే ఫారంలో ఈ నియమానికి మినహాయింపు పెట్టుకోకూడదు.

పోతు కడుపు కింద గోనెపట్టా కట్టి తోలడం కూడా ఒక దారే. అయితే పట్టా జారితే మీకు తెలియదు. ఎదకొచ్చిన మేకను మూడు రోజులు మేతకు పంపకుండా దొడ్లోనే ఉంచి, కావలసిన పోతునే దగ్గరికి వదలడం వీటన్నిటికంటే నమ్మకం.

ఒకే ఎదలో రెండు పోతులు దాటితే పుస్తకంలో రెండూ రాయండి. కవలల్లో ఒకదానికి ఒక తండ్రి, రెండోదానికి ఇంకో తండ్రి కూడా కావచ్చు. అలాంటి పిల్లలకు తండ్రి గడిలో ‘రెండిట్లో ఒకటి’ అని రాయడమే నిజాయితీ. డీఎన్ఏ పరీక్షతో తేల్చవచ్చు కానీ దానికి తల్లి, పిల్ల, అనుమానం ఉన్న పోతులు అన్నిటి రక్తమూ కావాలి. విలువైన పోతుపిల్ల అయితే తప్ప ఆ ఖర్చు పెట్టడం దండగ.

పోతు పక్క ఊరివాళ్ళదైతే దాటిన రోజే చిన్న చీటీ మీద పోతు నంబరు, తేదీ, వాళ్ళ సంతకం తీసుకోండి. ‘అన్నా, రేపు రాసిస్తాలే’ అంటే ఒప్పుకోవద్దు. ఐదు నెలల తర్వాత ఏ పోతు దాటిందో ఆ అన్నకు కూడా గుర్తుండదు.

నాలుగో మెట్టు: ఈనిన రోజు

ఈనిన రోజే, పిల్లలు తల్లి పాలు తాగడం మొదలుపెట్టగానే, మెడకో కాలికో తాత్కాలిక నంబరు కట్టండి. ఒకే రాత్రి మూడు మేకలు ఈనితే తెల్లారేసరికి ఏ పిల్ల ఏ తల్లిదో తెలియని పరిస్థితి వస్తుంది. మేకలు కొన్నిసార్లు వేరే తల్లి పిల్లను కూడా నాకి దగ్గరికి తీసుకుంటాయి.

మేక త-22-09 ఈనింది: 12-6-2025, తెల్లవారుజామున, రెండో ఈత, ఇద్దరు. ఆడది త-25-14, 2.3 కిలోలు. మగది త-25-15, 2.6 కిలోలు. రెండూ నిలబడి పాలు తాగాయి.

పుట్టిన తూకంతో పాటు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు నెలల తూకాలు కూడా రాయండి. మేకల అభివృద్ధి మీద దేశంలో జరిగే పరిశోధన ప్రాజెక్టుల్లోనూ ఈ నెలల తూకాలే తీస్తారు, కాబట్టి మీ అంకెలను వేరే చోటి అంకెలతో పోల్చి చూసుకోవచ్చు. తూకం ఉదయం మేత వేయకముందే తీయాలి. కవల పిల్లా, ఒంటి పిల్లా అన్నది తప్పక రాయండి. ఒంటిగా పుట్టింది సహజంగానే బరువు ఎక్కువ ఉంటుంది. అది చూసి జాతి గొప్ప అనుకుని పోతుగా ఎంచితే కవలలనిచ్చే రక్తాన్ని మీ చేతులతోనే మందలో తగ్గించుకున్నట్టు.

ఐదో మెట్టు: వంశ పత్రం

ఇప్పటిదాకా రాసిందంతా ఒక పేజీలోకి తేవడమే వంశ పత్రం. ఎడమ పక్క పిల్ల నంబరు, పుట్టిన తేదీ, 12 అంకెలు. దాని పక్కన తల్లి, తండ్రి. వాటి పక్కన నలుగురు అవ్వతాతలు. మూడు తరాలు చాలు, అంతకంటే వెనక్కి పోతే మన దగ్గర ఊహాగానాలే మిగులుతాయి. ప్రతి పేరు కిందా నంబరు, జాతి, ఒక తూకం లేదా పాల లెక్క రాయండి.

క్రాస్ మేకలకు రక్తం వంతు రాయాలి. నాటు మేకకు బోయర్ పోతును దాటిస్తే పిల్లలో సగం. ఆ ఆడపిల్లకు మళ్ళీ వేరే బోయర్ పోతు అయితే ముప్పాతిక. తర్వాత 8లో 7 వంతులు, ఆ తర్వాత 16లో 15 వంతులు. అమెరికా బోయర్ సంఘం ఆడదాన్ని 16లో 15 వంతుల దగ్గర, మగదాన్ని 32లో 31 వంతుల దగ్గర శుద్ధ జాతిగా ఒప్పుకుంటుంది. అంటే నాలుగు తరాలు, ఐదు తరాలు. మన దగ్గర రెండో తరానికే ‘ప్యూర్ బోయర్’ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. మీరు కొనేటప్పుడు ‘ఎన్నో తరం, పోతుల నంబర్లేవి?’ అని అడిగి చూడండి.

వంశ పత్రం అమ్మడానికి ఎంత ఉపయోగమో, మీ మందకు అంతకంటే ఎక్కువ ఉపయోగం. తండ్రి పోతును దాని కూతురికే దాటిస్తే పుట్టే పిల్లలో దగ్గరి రక్తం కలయిక 25 శాతం. తండ్రి ఒకటై తల్లులు వేరైన అన్నాచెల్లెళ్ళ మధ్య 12.5 శాతం. పిల్లలు బలహీనంగా పుట్టడం, చావులు పెరగడం, ఎదకు రాకపోవడం ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఒకే పోతును రెండేళ్ళకు మించి అదే మందలో ఉంచకూడదని చెప్పేది ఇందుకే. అప్పటికి దాని కూతుళ్ళు ఎదకు వస్తాయి.

ఆరో మెట్టు: డాక్టరు సంతకం దేనికి, దేనికి కాదు

పశువైద్యాధికారి మీ మేకను చూసి జాతి లక్షణాలు ఉన్నాయనీ, పళ్ళను బట్టి వయసు ఇంతనీ, ఒళ్ళు ఆరోగ్యంగా ఉందనీ, పోగు నంబరు ఇదనీ రాసి ఇవ్వగలరు. దాని తండ్రి ఫలానా పోతు అని ఆయన రాయలేరు, ఆయన చూడలేదు కదా. ఆ సంతకం కోసం ఒత్తిడి చేయడం ఆయన్ను ఇరుకున పెట్టడమే. వంశ పత్రం కింద సంతకం పెంపకందారుగా మీరే చేయాలి.

ఆరోగ్య పేజీలో పారుడు వ్యాధి, చిటుక రోగం, గాలికుంటు, బొబ్బ రోగం టీకాల తేదీలు, నట్టల మందు తేదీలు ఉండాలి. పారుడు టీకా ఒకసారి వేస్తే మూడేళ్ళు కాపాడుతుంది కాబట్టి ఆ తేదీని కొన్నవాడికి తప్పక చెప్పాలి. పోతును దాటింపు కోసం అమ్మేటట్టయితే బ్రూసెల్లా రక్త పరీక్ష చేయించి ఆ రిపోర్టు జత చేయండి. ఆ జబ్బు మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయేలా చేయడమే కాదు, పాలు పితికే మనిషికీ అంటుతుంది. పరీక్ష ఎక్కడ చేస్తారో మండల డాక్టరును అడగండి. సందేహాలుంటే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో అడగవచ్చు.

కొనేటప్పుడు

పై పనులన్నీ మీరు అమ్మే వైపు నుంచి. కొనే వైపు నుంచి అడగాల్సినవీ అవే. ప్రభుత్వ ఫారాల్లో, విశ్వవిద్యాలయ ఫారాల్లో, మథుర దగ్గర మఖ్‌దూమ్‌లోని కేంద్ర మేకల పరిశోధన సంస్థలో తీసుకుంటే పుట్టిన తేదీ, తల్లి నంబరు, తండ్రి నంబరు, తూకాలు అడిగి రాయించుకోండి. సేలం వైపు నుంచి కొనితెస్తే రసీదు తమిళంలో ఉంటుంది. అసలు కాగితం అలాగే ఉంచి, జిరాక్స్ వెనక తెలుగులో సారాంశం రాసిపెట్టండి. దూరం నుంచి తెచ్చేటప్పుడు ప్రయాణం ఆరు గంటలు దాటితే, 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందనీ, అంటువ్యాధులు లేవనీ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ లారీలో ఉండాలి.

బీమా, సబ్సిడీ

బీమా గురించి ఒక్క మాట చాలు: పోగు లేకపోతే క్లెయిమ్ లేదు. చచ్చిన మేక చెవికి పోగు ఉండగానే ఫొటో తీయండి, డాక్టరు వచ్చేదాకా పోగు తీయకండి.

జాతీయ పశుధన మిషన్ కింద మేకల ఫారం పెట్టేవాళ్ళకు పెట్టుబడిలో 50 శాతం సబ్సిడీ ఉంది. 100 మేకలు, 5 పోతుల యూనిట్‌కు గరిష్ఠంగా 10 లక్షలు, 500 మేకలు, 25 పోతుల యూనిట్‌కు 50 లక్షలు. దరఖాస్తు ఉద్యమిమిత్ర పోర్టల్‌లో. భూమి కాగితాలు, శిక్షణ సర్టిఫికెట్, బ్యాంకు అంగీకారం లాంటివి ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు మేకలు ఎక్కడి నుంచి తెస్తారు, పోతుల పుట్టుక ఏమిటి అనే దగ్గర మీ పుస్తకం చేతిలో ఉంటే బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం తేలికవుతుంది.

చివరి మెట్టు: చేతులు మారేటప్పుడు

అమ్మకపు రసీదులో తేదీ, ఇద్దరి పేర్లు, ఊళ్ళు, పొట్టి నంబరు, 12 అంకెల నంబరు, జాతి, రక్తం వంతు, ధర ఉండాలి. చూడి మేక అయితే దాటిన తేదీ, పోతు నంబరు కూడా. పోతు అయితే ఇంకో షరతు ముందే రాసుకోండి: మేకలు చూడి కట్టకపోతే ఎన్నాళ్ళలోపు తెచ్చివ్వవచ్చు, డబ్బు వెనక్కా, ఇంకో పోతా. నోటిమాట మీద వదిలితే తగవులన్నీ ఇక్కడే వస్తాయి.

కొన్నవాడికి వంశ పత్రం అసలు, ఆరోగ్య పేజీ జిరాక్స్ ఇవ్వండి. దాటుడు పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అడిగితే ఆ పేజీ ఫొటో తీసుకోమనండి. అదే వారంలో పశువైద్యశాలకు చెప్పి భారత్ పశుధన్‌లో యజమాని పేరు మార్పించండి. మార్పించకపోతే ఆ మేక మీద వేసే టీకాలు, మందులు అన్నీ మీ పేరు మీదే ఎక్కుతూ ఉంటాయి. కొన్నవాడు బీమా చేయించబోతే ‘ఇది మీ మేక కాదు’ అంటారు.

మీ పేజీలో ‘అమ్మినది, తేదీ, ఎవరికి’ అని రాసి అలాగే ఉంచండి. ఆ నంబరును ఇంకో పిల్లకు ఎప్పటికీ పెట్టకండి, దాని పిల్లల వంశ పత్రాలు రేపు ఏ పలమనేరులోనో, కుప్పంలోనో ఆ నంబరుతోనే తిరుగుతుంటాయి.